మూడుసార్లు దుమ్ము

మందఁ గాయు సామి! మాటఁ గావఁగ రావె,
ఎండు గడ్డి నేల నేలువాఁడ!
పలుకు తప్పు లెల్ల బాపి నా నోటిలో
నాట్యమాడు కృష్ణ! నందతనయ!

వ్రేపల్లెలో ఆలమందను కాచిన చేతితోనే మనుష్యుల మాటను కూడా కాచే ఆ స్వామికి నమస్కరించి ఈ కథ చెబుతున్నాను. ఆస్ట్రేలియా దేశంలో గొర్రెలను పెంచి బ్రతికిన ఒక ఆసామి, అతడు కట్టుకున్న ఒక పాట, ఆ పాటను పదిహేడేళ్లు ఈసడించిన ఒక పండితుడు, ఈ ముగ్గురి కథ ఇది. పాటను కూడా మనిషిగా లెక్కించినందుకు పెద్దలు మన్నింతురు గాక.

రేకుల షెడ్డులో గాలి లేదు, ఈగలున్నాయి. ఈగకున్నపాటి రసజ్ఞత ఈ సభకు లేదు, ఈగ కనీసం తీపి చూసి వాలుతుంది, వీళ్లు దేనికి పడితే దానికి చప్పట్లు కొడతారు, అనుకున్నాడు ద్వారకానాథ్, తన ముందున్న మార్కుల కాగితం చెమటపట్టిన ముంజేతికి అతుక్కుంటుంటే విడదీసుకుంటూ. పంతొమ్మిది వందల తొంభై ఒకటి, మార్చి నెల, శనివారం, మధ్యాహ్నం రెండు గంటలు. టూవూంబా నుంచి పడమటికి కారులో మూడు గంటలు పోతే వచ్చే బిండారా అనే ఊరు. ఏటేటా జరిగే పశుప్రదర్శన. ఒక మూల రిబ్బన్లు కట్టిన గుమ్మడికాయలు, మరో మూల ఈ ఏడు కొనేవాడు లేక దిగాలుపడి ఉన్న ఉన్ని మూటలు, నడుమ ఒక చెక్కవేదిక, ఆ వేదిక మీద ఒకరి తరువాత ఒకరు ఎక్కి గుర్రాల గురించీ వరదల గురించీ కాపరికుక్కల గురించీ తాము కట్టుకున్న పాటలను చూడకుండా చెప్పే మొరటు మనుష్యులు. దీనికి బుష్ కవిత్వమని పేరట. కవిత్వమట! అరటిచెట్టుకు పంచ చుట్టి పురోహితుడని పిలిచినట్టుంది. ఆయన నోటికి ఆ మాట ఎన్నడూ రాలేదు. తప్పనిసరి అయినప్పుడు కట్టుడుమాటలు అనేవాడు. అటువంటి తనను తెచ్చి వీటికి న్యాయనిర్ణేతగా కూర్చోబెట్టారు. కారణం గౌరవమేమీ కాదు. ఈ జిల్లాలో ఎవరికీ చుట్టం కానివాడు, గొర్రెను కొననివాడు, అమ్మనివాడు, బీరు తాగనివాడు, ప్రభుత్వ పశువైద్యుడైన తాను ఒక్కడే మిగిలాడు. అంటే తన యోగ్యతలన్నీ లేనివే. లేనివాటిని చూసి పీఠమెక్కించే సభ ఇది.

వేదిక మీద ఒక లావుపాటి ఆవిడ మరుగుదొడ్డిలో దూరిన పాము గురించి చెబుతోంది. పాముకు ప్రాసగా ఏదో తెచ్చింది, అది కుదరక నవ్వింది, సభ కూడా నవ్వింది. కుదరనిదానికి నవ్వు! బందరులో తన తండ్రి రామచంద్రశాస్త్రి కూర్చున్న సభల్లో యతి తప్పితే గోడలకు కూడా ముఖం చెల్లేది కాదు. ఆయన పెదవి కొద్దిగా కుడిపక్కకు లాగేవాడు, అంతే. ఆ లాగుడుకు ఎందరో కవులు మళ్లీ కలం పట్టలేదని చెప్పుకునేవారు. ఇప్పుడు తన పెదవి కూడా అలాగే లాగుకుందని ద్వారకానాథ్‌కు తెలియదు గానీ, పక్కన కూర్చున్న భార్య జ్ఞానప్రసూనకు తెలిసింది.

"ఏవండీ, ఆ ఫేస్ కాస్త సరిచేసుకోండి. పాపం ఆవిడ మీవంకే చూస్తూ చెప్తోంది. మిమ్మల్ని జడ్జిగా పిలిచారు, పోస్టుమార్టానికి కాదు."

"నాకు వేరే ముఖం లేదు ప్రసూనా."

"ఉంది. బ్యాంక్ మేనేజర్ దగ్గర పెడతారు చూడండీ, అది పెట్టండి."

ఆయన ఆ ముఖం పెట్టడానికి ప్రయత్నించి మానేశాడు. పాముకు నలభై రెండు మార్కులు వేశాడు, వందకు. ఆ నలభై రెండు కూడా పాముకే, ఆవిడకు కాదు. ఏమి నడక ఇది! శార్దూలవిక్రీడితం, మత్తేభవిక్రీడితం. పులి ఆట, మదపుటేనుగు ఆట. ఆ నడకలు నడిచిన చెవులివి. వీళ్ల నడకేమిటి? టకటక టకటక, టకటక టకటక, గేటు కనిపించిన గొర్రె నడక. పులీ ఏనుగూ తిరిగిన అడవిలోకి గొర్రెను తోలితే ఏమవుతుందో అదే అయింది తన బ్రతుకు కూడా. తాను ఈ గొర్రెల్లోకి ఎలా వచ్చి పడ్డాడు? అది కూడా ఒక పద్యం వల్లనే. పన్నెండేళ్ల వయస్సు, వేసవి సాయంకాలం, సభ నిండా ఉత్తరీయాలు, గంధం వాసన; తాను నిలబడి ఒక మహాకవి పద్యం ఎత్తుకున్నాడు. మూడు పాదాలు నదిలాగా నడిచాయి, నాలుగో పాదం మొదట గొంతు ఎండిపోయింది. మాట రాలేదు. సభామర్యాద ఏమిటి? చదివేవాడు తడబడితే తెలిసినవాడు మెల్లగా మొదటి మాట అందించాలి. అందించడం రసికధర్మం, అందుకోవడం పఠితకు అవమానం కాదు. ఎదుటనే తండ్రి ఉన్నాడు. ఆ మాట ఆయన నాలుక చివర ఉన్నదని ఆ కళ్లే చెబుతున్నాయి. అందించలేదు. పెదవి కుడిపక్కకు లాగి మూసుకున్నాడు. ఎంతసేపు? పాలు పొంగేంతసేపు. చివరికి ఎవరో ముసలాయన అందించబోతే తండ్రి చేయెత్తి వారించాడు. "గుర్తులేని నోరు గడ్డి మేయడానికి తప్ప ఎందుకు పనికొస్తుంది" అన్నాడు. సభ నవ్వింది. సరే నాన్నగారూ, మీ మాట ఎందుకు పోవాలి? గడ్డి మేసేవాటి దగ్గరికే పోయాను. తిరుపతిలో పశువైద్యం, అక్కడినుంచి ఇంగ్లండు, అక్కడినుంచి భూగోళం అడుగుకు, మనుష్యులకంటే గొర్రెలు పదింతలున్న దేశానికి. ఆ తరువాత తాను ఏ సభలోనూ నోరు విప్పలేదు. వినడం మాత్రం మానలేదు, పెదవి లాగడం మానలేదు. తండ్రి ఇచ్చిన ఆస్తి అదొక్కటే.

గంట మోగింది. పామ్ అనే ఆవిడ ఈ పోటీకి కార్యదర్శి, ఊరి బడిలో వాడే ఇత్తడి గంట తెచ్చుకుంది. ప్రతివారి ముందూ నియమాలు చదువుతుంది, సభకంతా కంఠస్థమైన నియమాలు. పుస్తకం చూడరాదు. చెప్పేవారు తమంతట తాము ఎంతసేపు ఆగినా దోషం లేదు. కానీ మరెవరైనా నోరు విప్పి మాట అందిస్తే, అందించినవాడు ఎవడైనా సరే, చెప్పేవారు పోటీ నుంచి తప్పుకోవాలి. ఎంత అనాగరికమైన నియమం! అందించడమే నేరమట! అందించకపోవడమే మర్యాదట! అలా అనుకుని, ఈ నియమాన్ని తండ్రి ఒక్కడే మెచ్చుకుని ఉండేవాడని తోచి, ఆ తోచినదాన్ని ద్వారకానాథ్ ఈగను తోలినట్టు తోలాడు.

నెవిల్ ఎక్కాడు. పశువులను వేలం వేసే దళారి, బూట్లకు దుమ్ము అంటనివాడు, ఆరేళ్లుగా వరుసగా గెలుస్తున్నవాడు. వాడు వరదలో కొట్టుకుపోయిన గుర్రం గురించి చెప్పాడు. వేలంపాట నోటికి తడబాటేముంటుంది? పొల్లు పోలేదు, ఊపిరి కూడా కొలిచి పీల్చాడు. గుర్రం మునిగే చోట గొంతు దించాలని ఎవరో చెప్పి ఉంటారు, దించాడు. తేలే చోట పెంచాడు. ఆ గుర్రం బ్రతికినా చచ్చినా వాడికి దళారి వాటా ముట్టుతుంది. దోషం పట్టుకుందామని ద్వారకానాథ్ చెవి నిక్కించుకుని కూర్చున్నాడు, దొరకలేదు. దోషంలేని శూన్యం! తొంభై నాలుగు వేశాడు. వేస్తున్న చేతిని చూసి తనకే అసహ్యం వేసింది, కానీ న్యాయం న్యాయమే.

"ఇహ మీ ఫ్రెండు క్లారీయే మిగిలాడు," అంది జ్ఞానప్రసూన.

"నాకు స్నేహితుడు కాడు. నేను మందు వేసే గొర్రెల యజమాని."

"అలాగే. సెవెంటీన్ ఇయర్స్‌గా వాళ్ల బెరిల్ చేసిన స్కోన్ బన్నులు తింటున్నారు కదా, కొంచెం ఫెయిర్‌గా వెయ్యండి."

ఫెయిర్‌గా! తాను ఎప్పుడు అన్యాయంగా వేశాడు? క్లారీ వేదిక పక్కన నిలబడి టోపీ అంచు తిప్పుకుంటున్నాడు. అరవై ఎనిమిదేళ్ల పొడుగాటి మనిషి, ఎండకు పగిలిన మెడ, బొటనవేలు ఏదో గేటులో పడి నలిగి పక్కకు తిరిగి ఉన్న ఎడమచేయి. మొదటి వరుసలో అతడి భార్య బెరిల్ ఎవరూ కొనని ఉన్నితో ఏదో అల్లుతోంది. డెబ్బై నాలుగులో మొట్టమొదటిసారి అతడి స్టేషన్‌కు రమ్మని కబురు వస్తే తానూ ప్రసూనా కలిసి బయలుదేరారు. వేలాది ఎకరాల గొర్రెల భూమిని ఈ దేశంలో స్టేషన్ అంటారని ఎవరు చెప్పారు గనక, ప్రసూన పట్టుచీర కట్టుకుని, దారిపొడుగునా రైలుపట్టాలు ఎక్కడా అని వెతుకుతూనే ఉంది. పట్టాలు లేవు. ఎర్రమట్టి, వంకర తీగెకంచె, ఒక గేటు, ఆ గేటు పక్కన టోపీ వెనక్కి నెట్టుకుని ఇతడు. కాపరికుక్కలు మందను తెస్తున్నాయి. రెండువేల గొర్రెలు ఒక్క దేహంలాగా కదులుతూ గేటు వైపుకు వస్తుంటే, మర్యాద తెలిసిన మనిషి కనుక ద్వారకానాథ్ నమస్కారం చేసి, తన పేరూ, చదువూ, ఉద్యోగమూ గట్టిగా చెప్పడం మొదలుపెట్టాడు. ముందు గొర్రె ఆగింది. తల ఎత్తింది. వెనక్కి తిరిగింది. అంతే, రెండువేలూ తిరిగాయి, ఆకాశం నిండా ఎర్రదుమ్ము, సాయంకాలం దాకా అవి మళ్లీ కూడలేదు. క్లారీ కోప్పడలేదు. "డాక్, గేటు తీసినవాడు ఆఖరి గొర్రె దాటేదాకా మాట్లాడడు. మాట వినబడితే తిరిగిపోతాయి" అన్నాడు. ఆ తరువాత, "తిప్పినవాడే తేవాలి, ఇక్కడి పద్ధతి అది" అని దూరాన ఉన్న కంచె చూపించాడు. ఎవరిని? వేదం చదువుకున్న ఇంటివాణ్ణి! తోలు బూట్లతో, చేతిలో వైద్యుడి పెట్టెతో, ఆ కంచె చుట్టూ నడిచి, గొర్రెల వెనక చేరి, హుష్ హుష్ అంటూ తోలుకురావలసి వచ్చింది. ఆ అవమానం ఆయన ఈనాటికీ క్షమించలేదు.

ఆ సాయంకాలమే మొదలు. ఆవరణలో గొర్రెలను ఒక్కొక్కటిగా పట్టి, నోరు తెరిచి, పళ్లు చూస్తుంటే, కంచె అవతలినుంచి క్లారీ ఈ కట్టుడుమాటలు చెప్పడం ఆరంభించాడు. కరువు ఏట తన తండ్రి మందను నీళ్లున్న చోటికి నూరు మైళ్లు నడిపించిన కథ, ఆ తండ్రే చెబుతున్నట్టు, పంతొమ్మిది చరణాలు. గుర్రం మీద ఉండగా కట్టుకున్నాడట, గుర్రం చచ్చిపోయాక మోటారుసైకిలు మీద దిద్దుకున్నాడట, గొర్రెలకు పట్టించే మందు వచ్చిన అట్టపెట్టెల మీద రాసుకున్నాడట. అది పాట అయితే నా పెట్టెలోని సూదిమందు అమృతం. ప్రతి ఏడాదీ నాలుగుసార్లు ఆయన అక్కడికి పోయేవాడు, నాలుగుసార్లూ అది విన్నాడు. పురుగుపట్టిన గొర్రెల తోక దగ్గర ఉన్ని కత్తిరిస్తూ విన్నాడు, చలిరాత్రి పుట్టిన తల్లిలేని పిల్లలను పొయ్యి పక్కన పెట్టెలో పడుకోబెట్టి బెరిల్ పాలు పడుతుంటే విన్నాడు, వానలేని మూడేళ్లు విన్నాడు, వాన వచ్చి కంచెలు కొట్టుకుపోయిన ఏడు కూడా విన్నాడు. తిరుగుదారిలో మూడు గంటలు కారు నడుపుతూ ఆ పాటలోని దోషాలను ఒక్కొక్కటిగా ఎంచేవాడు. రెండో చరణంలో గుర్రానికి తగని విశేషణం. ఆరో చరణంలో అనవసరమైన మేకపోతు. అన్నింటికంటే ఘోరం పదిహేడో చరణం. మంద నీటిదగ్గరికి చేరుతుంది, తండ్రి గేటు తీస్తాడు, అక్కడ ఏ కవి అయినా ఏం చేస్తాడు? వర్ణిస్తాడు! సాయంసంధ్య ఉంది, నీరు ఉంది, బ్రతికి వచ్చిన ప్రాణులున్నాయి. ఇతడేమంటాడు?

*గేటు తీశాను, పక్కకు నిలిచాను, టోపీ వెనక్కి నెట్టాను,*
*దుమ్ములోంచి, దుమ్ములాగా, దుమ్ము దాటి వచ్చాయవి.*

ఒక పాదంలో మూడుసార్లు దుమ్ము! పునరుక్తి అనే దోషానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఏ లక్షణగ్రంథంలోనూ లేదు. దరిద్రుడి ఇంట్లో ఒకే గిన్నె ఉంటే దానితోనే వండి, దానిలోనే తిని, దానితోనే నీళ్లు తోడుకున్నట్టు. ఒకసారి ఉండబట్టలేక దిద్ది చెప్పాడు కూడా: దుమ్ములోంచి, మంచులాగా, పసిడిపొడి దాటి వచ్చాయవి. క్లారీ గేటుకు ఆనుకుని చాలాసేపు ఆలోచించాడు. "బాగుంది డాక్. కానీ ఆ రోజు అక్కడ మంచు లేదు" అన్నాడు. వీడితో ఏం వాదిస్తాం? కానీ ఆనాటినుంచి ఆ పాదం ఎప్పుడు తలకెక్కినా దిద్దిన రూపంలోనే ఎక్కించుకునేవాడు, ఇంట్లో తడిసిన గోడమీద సున్నం వేసుకున్నట్టు.

ఒక్కసారి మాత్రం క్లారీ చెప్పలేదు. పోయిన నెల. ఉన్ని కొనేవాడు లేడు, గొర్రెకు మేత వేసే స్థోమత లేదు, ముసలి గొర్రెలను తుపాకితో కాల్చి పూడ్చెయ్యమని పైనుంచి కబురు వచ్చింది. దేశమంతా అదే జరుగుతోంది. ఏవి ముసలివో, ఏవి కావో పళ్లు చూసి తేల్చవలసిన వాడు పశువైద్యుడు. తెల్లవారి సంధ్యవార్చుకున్న చేతులతో ద్వారకానాథ్ పళ్లు చూశాడు. గోపాలుడికి తులసిదళం వేసిన చేతులు! సగానికి పైగా మంద అవతలి గేటులోనికి పోయింది. యంత్రంతో తవ్విన గొయ్యి, మధ్యాహ్నం దాకా చప్పుళ్లు, ఆ తరువాత మట్టి. క్లారీ గేటు తీసి, పక్కకు నిలిచి, ఆఖరిది దాటేదాకా నోరు విప్పలేదు. తరువాత కూడా విప్పలేదు. పదిహేడేళ్లలో మొట్టమొదటిసారి ఆ ఆవరణలో ఆ పాట వినబడలేదు. హమ్మయ్య, నోరు మూతపడింది, అని తాను అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడా? అనుకున్నాడు. పనిముట్లు కడుక్కుంటూ అనుకున్నాడు. కడుగుతున్న నీళ్లలోకి చూస్తూ, ఇంకా ఏదో వినబడాలని ఎదురుచూస్తున్నట్టు చాలాసేపు కూర్చుని ఉన్నాడు కూడా. అది అలసట. మరేమీ కాదు.

మూడు రోజుల తరువాత ఫోను వచ్చింది. "డాక్, షోలో ఈసారి నువ్వే జడ్జివి, నేనే చెప్పాను వాళ్లకి."

"నీ పాట నాకు నచ్చదని తెలిసే చెప్పావా?"

"నచ్చేవాళ్లందరూ నెవిల్ దగ్గరే గొర్రెలు అమ్ముకోవాలి డాక్. నువ్వొక్కడివే ఎవరికీ భయపడవు. నాకేమీ సాయం చెయ్యొద్దు, ఉన్నది ఉన్నట్టు వెయ్యి. ఇదే ఆఖరు. ఏప్రిల్‌లో భూమి ఇచ్చేసి, బెరిల్ చెల్లెలి దగ్గరికి, సముద్రం ఒడ్డుకి పోతున్నాం. ఆ చెక్క మీద మా తాత పేరుంది, మా నాన్న పేరుంది. అంతే."

చెక్క అంటే ఆ గోడకు వేలాడుతున్న దేవదారు పలక. గెలిచినవారి పేర్లు బంగారు అక్షరాలతో రాసినది. ఆరేళ్లుగా నెవిల్, నెవిల్, నెవిల్. పునరుక్తిదోషం చెక్కకు కూడా పట్టింది. క్లారీ ఆరేళ్లూ రెండో స్థానం. ఎందుకు రెండో స్థానమో తనకు తెలుసు: దుమ్ము.

గంట మోగింది. క్లారీ ఎక్కాడు. టోపీ తీయలేదు. ఎత్తుకున్నాడు, అదే గొర్రె నడక. ద్వారకానాథ్ కాగితం మీదికి వంగి, జ్ఞాపకశక్తికి ఒక గడి, ఉచ్చారణకు ఒక గడి, భావానికి ఒక గడి, చరణం చరణానికీ మార్కులు వేసుకుంటూ పోయాడు. గుర్రానికి తగని విశేషణం వచ్చింది, పోయింది. మేకపోతు వచ్చింది. ఈసారి ఆ మేకపోతు వచ్చినచోట సభలో ఎవరో ముక్కు చీదారు, ఆ మేకపోతును ఎరిగినట్టు. నెవిల్ కొలిచి పీల్చిన ఊపిరి ఇక్కడ లేదు; ఇక్కడ ఊపిరి ఎక్కడ అయిపోతే అక్కడ పాదం విరుగుతోంది, విరిగినచోట ఎండ కనబడుతోంది. కనబడుతోంది! ఛీ, ఇది కవిత్వగుణం కాదు, వడదెబ్బ. ఎనిమిది, తొమ్మిది, పది చరణాలు. ద్వారకానాథ్ కూడికలు చూసుకుని ఉలిక్కిపడ్డాడు. మళ్లీ కూడాడు. పునరుక్తికి కొట్టివేయవలసిన మార్కులు ముందే కొట్టివేసినా సరే, ఇతడు ఆఖరు దాకా తప్పు లేకుండా చెబితే మొత్తం తొంభై ఆరు. తన చేతితో, తన పక్షపాతరహితమైన చేతితో, ఈ దుమ్ముకు తొంభై ఆరు! కోపం వచ్చింది. కోపం కింద మరొకటేదో కదిలింది, దానికి తన దగ్గర పేరు లేదు. చెక్క మీద ఒక ఖాళీ గీత ఉంది, చూశాడు. పదిహేను, పదహారు. ఇక పదిహేడు. రాబోయే దోషాన్ని ముందే రాసిపెట్టుకుందామని, వ్యాఖ్య అన్న గడిలో, తెలుగు అక్షరాలతో, 'పునరుక్తి' అని రాశాడు.

"*గేటు తీశాను, పక్కకు నిలిచాను, టోపీ వెనక్కి నెట్టాను*," అన్నాడు క్లారీ, టోపీ వెనక్కి నెట్టి.

ఆగాడు.

ద్వారకానాథ్ కలం కాగితం మీద ఎదురుచూసింది. రాలేదు. ఒక ఊపిరి. రెండు. రేకుల మీద ఎండ చిటపటమంది. వంచిన తల ఎత్తలేదు కనుక ఆయన చూడలేదు, షెడ్డులో ఉన్న మగవారందరూ ఒక్కొక్కరే టోపీలు తీశారని, బెరిల్ అల్లిక ఒడిలో పెట్టేసిందని, నెవిల్ కూడా నేలకేసి చూస్తున్నాడని, వేదిక మీది మనిషి ఏమీ మరిచిపోలేదని, అతడి కళ్లు సభను కాదు, కుడినుంచి ఎడమకు, మెల్లగా, తన ముందునుంచి దాటిపోతున్న దేనినో చూస్తున్నాయని. ఆయనకు వినబడింది నిశ్శబ్దం మాత్రమే, ఆ నిశ్శబ్దం ఆయనకు తెలుసు. గొంతు ఎండిపోయే నిశ్శబ్దం. గంధం వాసన, ఉత్తరీయాలు, కుడిపక్కకు లాగిన పెదవి. పాలు పొంగేంతసేపు. అందించరేం? ఎవరూ అందించరేం? ఇంతమంది ఉన్నారు, పదిహేడేళ్లుగా విన్నవాళ్లు, ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట అందిస్తే,

"*దుమ్ములోంచి, మంచులాగా, పసిడిపొడి దాటి వచ్చాయవి!*"

ఎవరిదా గొంతు? ఎవరో బందరువాడు, ఇంగ్లీషును తెలుగు హల్లులతో గట్టిగా కొట్టి పలికేవాడు, ఆ గొర్రె నడకను పొల్లు తప్పకుండా నడిచినవాడు. తల ఎత్తి చూస్తే సభంతా తనవైపు తిరిగి ఉంది. చేతుల్లో టోపీలు. ఆ టోపీలను చూసి, అప్పుడు, పన్నెండేళ్లవాడు కాదు, యాభై అయిదేళ్లవాడు, పోయిన నెల పళ్లు చూసినవాడు, అర్థం చేసుకున్నాడు. గేటు తీసినవాడు ఆఖరి గొర్రె దాటేదాకా మాట్లాడడు. పామ్ చేయి గంట మీద ఉంది. మోగించాలా వద్దా అని ఆవిడ చెక్కకేసి చూసింది, నియమం నియమం కనుక మోగించింది. ఆ చిన్న ఇత్తడి చప్పుడుతో క్లారీ పేరు చెక్క మీదికి ఎక్కకుండా పోయింది.

క్లారీ కోప్పడలేదు. ఆనాడూ కోప్పడలేదు.

"మళ్లీ తిప్పేశావు డాక్," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. ద్వారకానాథ్ లేచి నిలబడ్డాడు. క్షమాపణ ఏ భాషలో చెప్పాలో తోచలేదు, తన దగ్గరున్న భాషలన్నీ తప్పులు పట్టడానికే నేర్చుకున్నవి.

"మంచెక్కడిది? పసిడెక్కడిది?" అన్నాడు క్లారీ మెల్లగా. "నువ్వున్నావు కదా అక్కడ. తిప్పినవాడే తేవాలి. తీసుకురా."

అప్పుడు ఆ పండితుడు, లక్షణగ్రంథాలు కరతలామలకమైనవాడు, అరవై కుర్చీల ముందు నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కట్టుకుని, ఎత్తుకున్నాడు. ఎంత నికృష్టమైన పాదం! పలుకుతూనే అనుకున్నాడు. "*దుమ్ములోంచి*." మొదటిది ఎండిన నేలది, ఎవరైనా అంటారు. "*దుమ్ములాగా*." రెండోది ఉన్నిమీద పట్టినది, వాటి వెన్నులు తట్టినప్పుడల్లా తన అరచేతికి అంటినది, ఇంటికి వచ్చి మూడుసార్లు కడుక్కున్నా గోళ్లలో నిలిచినది. మూడోది దగ్గర ఆయన నోరు ఆగింది. మూడోది ఏమిటో ఇంతకాలం తెలియలేదు; యంత్రం గోతిలోకి తోసినది మూడోది. క్లారీ ఇరవై ఏళ్ల ముందే దానిని ఎక్కడినుంచి తెచ్చి అక్కడ పెట్టాడు? ఆయన ఆగినా సభలో ఒక్కరు కూడా అందించలేదు. ఎవరి ముఖంలోనూ పెదవి లాగుకోలేదు. నిలబడ్డారు, అంతే, గేటు దగ్గర నిలబడినట్టు, ఎంతసేపైనా సరే అన్నట్టు.

"*దుమ్ము దాటి*," అన్నాడు ద్వారకానాథ్, "*వచ్చాయవి*."

ఆపైన ఆయన మాట్లాడలేదు. ఆఖరిది దాటేదాకా అలాగే నిలబడ్డాడు. తరువాత క్లారీ మిగిలిన రెండు చరణాలూ తానే చెప్పి, టోపీ సర్దుకుని దిగిపోయాడు.

కాగితం మీద సంతకం పెట్టవలసినది జడ్జి. ద్వారకానాథ్ 'పునరుక్తి' అన్న మాటను కొట్టివేశాడు. కొట్టివేసినందువల్ల ఏమీ మారదని తెలిసి, మరింత గట్టిగా, కాగితం చిరిగేదాకా కొట్టివేశాడు. మొదటి బహుమతి, నెవిల్. సంతకం. ఇంత మంచి చేవ్రాత ఇంత పనికిమాలిన పనికి ఎన్నడూ వాడలేదు. నెవిల్ వచ్చి చేయి కలిపి, థాంక్యూ డాక్టర్ అన్నాడు; ఆ చేయికి దుమ్ము లేదు.

"నాకు ఆ పాట నోటికి వచ్చినట్టు నాకే తెలియదు ప్రసూనా," అన్నాడు ఆయన, కుర్చీలు మడుస్తున్న చప్పుడు మధ్య.

"మీకు తెలియకపోవడమేంటండీ! టెన్ ఇయర్స్‌గా స్నానం చేస్తూ రోజూ చదివేది అదే కదా. మొదట్లో నేను ఏదో స్తోత్రం అనుకుని, బయట నిలబడి దణ్ణం కూడా పెట్టుకున్నాను."

ఆయన పెదవి కుడిపక్కకు లాగబోయి, ఎందుకో, సగంలో ఆగింది. బయట ట్రక్కులు కదులుతున్నాయి. మైదానం గేటు దగ్గర క్లారీ నిలబడి, అందరి బండ్లూ పోవడానికి గేటు తీసి పట్టుకుని ఉన్నాడు, పక్కకు తొలగి, టోపీ వెనక్కి నెట్టుకుని. తమ కారు దాటుతున్నప్పుడు ద్వారకానాథ్ అద్దం దించాడు. చెప్పవలసినది ఎంతో ఉంది. ఒక్క మాట కూడా అనలేదు. వెనక ఇంకా బండ్లున్నాయి.

ఈ కథ చెప్పినవారి మందలూ విన్నవారి మందలూ సాయంకాలానికి చెదరకుండా ఇల్లు చేరు గాక. వారి మాటల్లో తప్పులుంటే ఆ నందతనయుడు బాపు గాక. బాపకూడని తప్పులుంటే వాటిని తప్పులతో సహా గుర్తుంచుకునేవాడు, లోకంలో ఎక్కడో ఒక స్నానాలగదిలోనైనా, ఒక్కడు వారికి దొరుకు గాక. ఓం శాంతిః శాంతిః శాంతిః.